చెంగయ్య ఆర్పని కర్పూరం

రండి, దగ్గరగా కూర్చోండి, అమ్మవారు మనందరినీ చల్లగా చూడాలి! వెనకటికి ఒక ఊళ్లో నీరుగంటి పని ఖాళీ అయింది. చెరువు నీళ్లు పొలాలకు వంతులవారీగా వదలడమే ఆ పని. అందులో చేరేవాడు ముందు అమ్మవారి ఎదుట మండే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చెయ్యాలి.

రైతులు ఆ పనికి చెంగయ్య అనే పేదవాణ్ణి కోరారు. తీరా కర్పూరం పళ్లెం ముందుకొచ్చేసరికి అతనికి ఇంట్లో ఖాళీ గంజికుండ గుర్తొచ్చింది. అయినా చెయ్యి చాపలేదు.

"నాకు దేవుడి మీద నమ్మకం లేదండీ. ప్రమాణం చెయ్యలేను."

ధర్మాధికారి సోమయాజులుగారు మండిపడ్డారు. "దైవభయం లేనివాడివి, ఎవరూ చూడనప్పుడు నీళ్లు నీవాళ్ల పొలానికి తిప్పుకోవని ఎలా నమ్మమంటావురా?"

"ఇప్పుడు ఆర్పితే పని ఇస్తారా అయ్యా?"

"ఈ క్షణమే ఇస్తాను."

"నమ్మకం లేనివాడికి అది ఉత్త మంటేగా! నేను దొంగనైతే ఈపాటికి ఆర్పేసి, దర్జాగా తూము దగ్గర కూర్చునేవాణ్ణి. ఒక్క అబద్ధం ఆడలేక నోటి దగ్గర కూడు వదులుకుంటున్నాను. ఇంతకన్నా ఏం రుజువు చూపించను?"

జనం గొల్లున నవ్వారు. సోమయాజులుగారు పళ్లెం తనవైపు లాక్కుని, తానే కర్పూరం ఆర్పారు. "తల్లీ, వీడు తప్పు చేస్తే నా కళ్లు పోవాలి!"

చెంగయ్య కంగారుపడ్డాడు. "ఎంత పని చేశారండీ! నేను నమ్మకపోయినా తమరు నమ్ముతారుగా. ఇక తమరి కళ్లకూ నేనే కాపలా!"

ఆ ఏడు చిట్టచివరి మడికీ నీళ్లందాయి. అమ్మవారి నైవేద్యానికి కొత్తబియ్యం ఆ మడి నుంచే వచ్చాయి. ఆ తల్లి వద్దందా, మీరే చెప్పండి!