మసి పెట్టని ఆకు

మూడు రోజులుగా నందసిరి ఆ ఆకును ముట్టుకోలేదు.

అది ఆమె రాతపీట మీదే ఉంది. మూరెడు తాటాకు. దాని మీద గంటంతో గీసిన అక్షరాలున్నాయి కానీ కంటికి ఆనవు. దీపపు మసిలో నూనె కలిపి రుద్ది, గుడ్డతో తుడిస్తేనే గీతల్లో నలుపు నిలిచి అక్షరాలు పైకి తేలతాయి. అందాకా అది ఉత్త ఆకే.

కృష్ణ ఒడ్డున ఎర్రగుట్ట మీద ఉన్న ఆ విహారంలో ఆడపిల్లల విద్యాపీఠం నడిచేది. అక్కడ చేరడానికి ఒక పద్ధతి ఉంది. వచ్చిన పిల్లను తడిక అవతల కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు. పేరు అడగరు. ఊరు అడగరు. ముఖం చూడరు. నెగ్గితే ఆ పిల్ల తాను రాసి తెచ్చిన ఒక ఆకును తడిక కింద నుంచి లోపలికి జరుపుతుంది. ప్రశ్నలు అడిగినవాళ్ళే దానికి మసి పెట్టి చదవాలి. అప్పుడే ఆ పిల్ల లోపలిది. అంతవరకూ ద్వారం బయట అరుగే గతి.

ఈ ఏడు ప్రశ్నలు అడిగే పని నందసిరిది. వయసు ఇరవై రెండు. వాదానికి కూర్చుందంటే ఎదుటివాళ్ళను ఒక్క మాట పూర్తి చేయనివ్వదని పేరు. ఆ పేరంటే ఆమెకు కొంచెం ఇష్టం కూడా.

మూడు రోజుల కింద, తడిక అవతలి గొంతు నెమ్మదిగా ఉంది.

"ఒక మాట నిజమని ఎలా తెలుసుకుంటావు?" అని నందసిరి మొదలుపెట్టింది.

"దాన్ని కాదనేవాళ్ళు చెప్పేది కూడా విన్నాక."

"కాదనేవాళ్ళే లేకపోతే?"

"అప్పుడు భయపడతాను."

నందసిరి ముందుకు జరిగింది. "ఎప్పుడైనా వాదంలో ఓడిపోయావా?"

"లేదు. ఒకసారి నెగ్గాను. అందుకే ఇక్కడికి వచ్చాను."

నందసిరి తొడ చరిచి నవ్వింది. "ఈ పిల్ల నాకు కావాలి!" అంది, ఎవరూ అడక్కుండానే. తడిక కింద నుంచి ఆకు లోపలికి వచ్చింది. దాన్ని అందుకుని, ఆనందం పట్టలేక, తడికను తానే ఎత్తి పక్కన పెట్టింది.

ఎదురుగా పందొమ్మిదేళ్ళ పిల్ల. బక్కగా ఉంది. కుడి మణికట్టు మీద పచ్చబొట్టు. ఒకే ఒక్క అడ్డగీత.

ఆ గీతను ఎర్రగుట్టలో గుర్తుపట్టని మనిషి లేదు.

"నువ్వు... ఏకవాక్యుల దానివా?"

"ఒకప్పుడు. నా పేరు పున్నిక."

లోకంలో నిజమైన వాక్యం ఒక్కటేనని, మిగతా రాతలన్నీ మంటల్లోకే పోవాలని తిరిగిన గుంపు అది. మూడేళ్ళ కింద ఒక మధ్యాహ్నం గుట్టెక్కి వచ్చారు. పుస్తకశాలను తగలబెట్టారు. తాటాకు కట్టల కోసం లోపలికి పరుగెత్తిన ఒక లేఖకురాలి మీద పైకప్పు కూలింది. ఆమె పేరు ఉత్పల. నందసిరికి సొంత అక్క.

"ఆ రోజు వచ్చావా?"

"వచ్చాను."

"ఏం చేశావు?"

"చదివాను."

"ఏంటీ?"

"గుంపులో చదవడం వచ్చింది నాకొక్కదానికే. వాకిట్లో కూర్చోబెట్టారు. కట్టలు తెచ్చి నా ముందు పడేసేవాళ్ళు. పై ఆకు చదివి ఏది మంటకో నేను చెప్పాలి." పున్నిక తల దించుకోలేదు. "అన్నీ మంటకేనన్నాను."

నందసిరికి తొడ చరిచిన చెయ్యి ఇంకా చురుక్కుమంటూనే ఉంది.

"ఆ ఆకు గురించి ఒక్క మాట చెప్పాలి. అది నా..."

"నోర్ముయ్!"

తడిక మళ్ళీ అడ్డం పడింది.

*

మూడు రోజులు విహారం విహారంలా లేదు.

"అప్పటికి దానికి పదహారేళ్ళేనే," అని ఒకతె అంటే, "పదహారేళ్ళకి చదవడం వచ్చింది కదా! ఆలోచించడం రాలేదా?" అని నందసిరి విరుచుకుపడింది. "మారిందేమో" అని ఇంకొకతె నసిగితే, "కాలిపోయిన కట్టలు మారి తిరిగొస్తాయా?" అంది. నెగ్గిన ప్రతిసారీ ఆమె వాదానికి ఇంకొకరిని వెతుక్కుంది.

పన్నెండుమంది పిల్లలు ఆ మనిషి లోపలికొస్తే తాము బయటికి పోతామని మూటలు కట్టుకున్నారు. గుట్ట కింది ఊరివాళ్ళు పైకి వచ్చి కూర్చున్నారు.

ద్వారం కాసే వీరవ్వ పరుగున వచ్చింది. "నందమ్మా, బయట రాళ్ళు పోగేస్తున్నారు. ఆ పిల్ల అరుగు మీంచి కదలదు. నా గంజికుండ కూడా ఆ అరుగు మీదే ఉంది. రాయి దానికి తగిలిందంటే మాత్రం నేను ఊరుకోను, చెప్తున్నా!"

నందసిరి లేచింది. నేరుగా పీఠం పెద్ద, ఆచార్య సోణ దగ్గరికి వెళ్ళింది.

సోణకు డెబ్బై దాటాయి. చూపు దాదాపు పోయింది. కిటికీ పక్కన కూర్చుని, ఎండిన తాటాకులను ఒక్కొక్కటే నిమిరి, చీలినవాటిని వేరు చేస్తోంది.

"అమ్మా, మన పద్ధతిలోనే తప్పుంది," అంది నందసిరి. "పేరు అడగాలి. ముఖం చూడాలి. ఎక్కడెక్కడ తిరిగిందో తెలుసుకోవాలి."

"ముందే తెలిస్తే ఏం చేసేదానివి?"

"మొదటి ప్రశ్న కూడా అడిగేదాన్ని కాదు."

"అందుకేనే, తడిక."

నందసిరి పళ్ళు బిగించింది. "మీ అక్క కాదు చచ్చిపోయింది. మా అక్క."

అన్నాక తానే ఉలిక్కిపడింది. ఉత్పలను ఎనిమిదేళ్ళప్పుడు చేరదీసి, వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది ఈ ముసలామే.

సోణ ఇంకో ఆకు నిమిరి పక్కన పెట్టింది. "ఆ పిల్ల ఇచ్చిన ఆకులో ఏముంది?" అని అడిగింది.

"ఏముంటుంది? చిన్నదాన్నని ఉంటుంది. తెలియక చేశానని ఉంటుంది. ఏడుపులు, దండాలు. చదవకుండానే చెప్పగలను."

"తీసుకురా."

తెచ్చి ఇచ్చింది. సోణ ఆకును ఒడిలో పెట్టుకుని చూపుడువేలు దాని మీద నడిపించింది. మసి లేకపోయినా గీసిన గీత ఆ వేలికి తెలుస్తుంది. వేలు ఈ చివరి నుంచి ఆ చివరికి పోయింది. ఒకచోట ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ అక్కడే తడిమింది. ఆకు అంచు దాకా వెళ్ళి, అక్కడ చాలాసేపు ఉండిపోయింది.

"వీరవ్వా," అని పిలిచింది. "వంటింట్లోంచి పెంకులో నాలుగు నిప్పులు పట్రా."

నిప్పులు వచ్చాయి. సోణ వాటిని నందసిరి ముందు పెట్టించింది. ఇంకో పక్క మసిగిన్నె జరిపింది. ఆకును ఆమె చేతిలో పెట్టింది.

"మసి పెట్టు. లేదా కాల్చు."

"అమ్మా!"

"ఆకును ఊరికే పీట మీద పడేసి ఉంచడం ఈ విహారంలో లేదు. మూడు రోజులైంది."

"మీరు... మీరు నన్ను ఆకు కాల్చమంటున్నారా?"

"నేనేమీ అనలేదు. ఆ పిల్ల చదివి కాల్చింది. నువ్వు చదవకుండానే చెప్పగలనన్నావు. నీకు ఇంకా సులువు."

నందసిరి ముఖం ఎర్రబడింది. వాదంలో ఇంతవరకూ ఎవరూ ఆమెను ఇలా కొట్టలేదు. మొండితనం నెత్తికెక్కింది. సరే, కాలుద్దాం. ఎవరి చేతుల్లో ఇన్ని కట్టలు కాలాయో, వాళ్ళ ఆకు ఒక్కటి కాలితే ఏం?

ఆకు కొసను నిప్పుల మీదికి దించింది.

కొస పసుపయింది. గోధుమరంగైంది. సన్నటి పొగ లేచింది.

ఆ వాసన.

ఆ మధ్యాహ్నం ఆమె ఏటికి అవతల వాదసభలో ఉంది. నెగ్గింది. నెగ్గిన ముచ్చట అక్కకు చెప్పాలని పడవలో నిలబడే వస్తుంటే, నడి ఏట్లో ఎదురొచ్చింది ఈ వాసనే. ఎవరో తాటాకులు కాలుస్తున్నారు, అనుకుంది అప్పుడు. అంతే అనుకుంది.

చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చేసింది. కొసన అంటుకున్న నిప్పును రెండు వేళ్ళతో నలిపేసింది. వేళ్ళు కాలాయి. సోణ కదల్లేదు.

నందసిరి మసిగిన్నె లాక్కుంది. మాడిన గిన్నె తోమినట్టు, కోపంగా, ఆకు పొడవునా మసి రుద్దింది. గుడ్డ తీసి ఒక్క తుడుపు తుడిచింది.

అక్షరాలు తేలాయి.

'పుట్టిన బిడ్డ ఏడవకపోతే, పోయిందని తొందరపడి అనకూడదు. గోరువెచ్చని నీళ్ళు చల్లి, అరికాళ్ళు రుద్దాలి. ఏడవకపోతే మళ్ళీ రుద్దాలి.'

మంత్రసానుల గ్రంథం. విహారంలో ఒక్కటే ప్రతి ఉండేది. కాలిపోయింది. దానికి రెండో ప్రతి రాస్తున్నది...

నందసిరి కళ్ళు 'నీళ్ళు' దగ్గర ఆగాయి. ళ కింద పొడుగాటి తోక. 'అరికాళ్ళు' దగ్గరా తోకే. "నీ ళ కి ఆ తోకేంటే, పిల్లి అనుకున్నావా?" అని తాను ఎన్నిసార్లు ఏడిపించిందో.

గుడ్డ పట్టుకున్న చెయ్యి అంచు దాకా పోయింది. అక్కడ, గ్రంథానికి సంబంధం లేకుండా, సన్నటి అక్షరాల్లో ఇంకో వరుస ఉంది.

'నందా, వాదాలు చాలించి వచ్చి దీనికి మసి పెట్టవే. నేను చేతులు కడిగేసుకున్నాను.'

అక్క రాసేది. మసి పెట్టడం చెల్లెలి పని. ఆ రోజు చెల్లెలు చెప్పకుండా పడవెక్కి పోయింది.

నందసిరి మాడిన కొసను చూసింది. ఇంకో రెండు వేళ్ళ మేర ఆకు మాడి ఉంటే ఆ వరుస ఉండేది కాదు.

లేచి పరుగెత్తింది.

*

అరుగు మీద పున్నిక మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. నుదుటి మీద ఒక దెబ్బ అప్పటికే తగిలింది. రాళ్ళ కుప్ప దగ్గరున్నవాళ్ళు నందసిరిని చూసి, తమవైపే వచ్చిందనుకుని, దారిచ్చారు.

ఆమె పోయి అరుగు మీద, పున్నిక పక్కనే కూర్చుంది. రాయి విసరాలంటే ఇప్పుడు ఇద్దరి మీదా విసరాలి.

"ఇది ఎక్కడిది?"

"రాతపీట మీది నుంచి తెచ్చి కట్టలతోపాటు నా ముందు పడేశారు," అంది పున్నిక. "తడిక దగ్గరే చెప్పబోయాను, నాది కాదని."

"దీన్నెందుకు కాల్చలేదు?"

"మసి లేదు. చదవడానికి రాలేదు. చదవలేనిదాన్ని ఏమనాలో మాకు చెప్పలేదు. ఒడిలో పెట్టుకున్నాను. తర్వాత కేకలు వినిపించాయి. లోపల మనిషి ఉందన్నారు."

"మూడేళ్ళు నీ దగ్గరే ఉంది. నువ్వే కాస్త మసి పెట్టుకుని చదువుకోలేకపోయావా?"

"పెట్టబోయాను. చాలాసార్లు." పున్నిక తన మణికట్టు మీది గీతను రెండో చేత్తో మూసుకుంది. "చదివితే మళ్ళీ ఏదో ఒకటి అనేస్తానని భయం వేసింది. మీరే చదవాలని తెచ్చాను."

నందసిరి మొదటిసారి, ఎదుటి మనిషి మాట పూర్తయ్యాక కూడా, ఇంకేమైనా చెప్తుందేమోనని ఆగింది.

అప్పుడు, "నిన్ను క్షమించాననుకోకు," అంది.

"అనుకోలేదు."

"ఈ ఆకుతో నిన్ను లోపలికి రానివ్వలేను. ఇది మా అక్కది. నీది నువ్వు రాసుకోవాలి." లోపలికి తిరిగి కేక పెట్టింది. "వీరవ్వా! ఒక కొత్త ఆకు, గంటం పట్రా. నీ గంజికుండ పదిలంగానే ఉందిలే!"

రాళ్ళ దగ్గరున్నవాళ్ళలో ఒకడు గట్టిగా అడిగాడు. "ఏం చేస్తున్నారమ్మా మీరు? దాన్ని లోపలికి తీసుకుంటారా?"

"ముందు రాయనివ్వండి," అంది నందసిరి. "చదివి చెప్తాను."

పున్నిక ఆకు మోకాలి మీద పెట్టుకుంది. మొదటి గీత పడడానికి చాలాసేపు పట్టింది.

*

సాయంత్రం ఎండ కిటికీలోంచి పక్కకు జరిగే వేళకు నందసిరి మళ్ళీ సోణ ముందుకొచ్చి కూర్చుంది. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. పెంకులో నిప్పులు ఆరిపోయి బూడిద మిగిలింది.

"మీకు ముందే తెలుసు," అంది.

"తోక వేలికి తగిలింది."

"అంచున రాసింది కూడా చదివారు."

"ఊఁ."

"తెలిసీ నిప్పులు తెప్పించారు. నా ముందు పెట్టారు. అమ్మా, నేను కాల్చేసి ఉంటే?"

సోణ చేతిలో ఉన్న ఆకును ఆ కొస నుంచి ఈ కొసకు నిమిరింది. చీలిక లేదు. మంచి ఆకుల దొంతర మీద పెట్టింది.

"ద్వారం బయట కాల్చినవాళ్ళు ఇద్దరుండేవాళ్ళు."