ఒక్క ఫిర్యాదూ లేని యాప్

ముందుకు జరగండి, ఇంకొంచెం దగ్గరగా. గడప దగ్గర నిలబడ్డ తల్లీ, నువ్వూ వచ్చి కూర్చో. దేవుణ్ణి ఒక్కసారి తలుచుకుని వినండి.

ఒక మామిడితోటలో కోళ్ళు కాపురముండేవి. వాటిలో చుక్కమ్మ అనే పెట్టకు ఏడుగురు పిల్లలు. నాలుగు రోజుల్లో గద్ద ఇద్దర్ని ఎత్తుకుపోయింది. మిగిలిన ఐదుగుర్నీ రెక్కల కింద దాచుకుని చుక్కమ్మ మేతకు కదలడమే మానేసింది.

తోటకు పెద్ద రంగనాథం పుంజు. అందర్నీ పిలిచి, "ఇప్పుడు ఫోన్ లేని కోడి లేదు. గద్దను చూసినవాళ్ళు ఒక్క నొక్కు నొక్కితే అందరి ఫోన్లూ మోగాలి. అలాంటి యాప్ చేయిద్దాం. పుట్ట వెనక జంబుకరావు యాప్‌లు చేసే చిన్న స్టూడియో పెట్టాడు," అన్నాడు.

"నక్కతోనా?" అంది చుక్కమ్మ.

జంబుకరావు అప్పటికే వచ్చి నిలబడ్డాడు, మెడలో ఇయర్‌ఫోన్లతో. "ఈ పనిలో పడ్డాక వేటకు తీరికేది పిన్నీ. బిస్కెట్లు తిని బతుకుతున్నా," అంటూ ఫోన్ తెరిచాడు. తెర మీద మొదటి బొమ్మే రంగనాథం, నెత్తిన కిరీటంతో. పుంజు అక్కడికక్కడే కరిగిపోయాడు.

"మధ్యాహ్నం పిల్లల్ని ఎక్కడ పడుకోబెడతారో ఇందులో నింపండి. గద్ద అటు తిరిగితే అక్కడే మోగుతుంది," అన్నాడు నక్క.

"ఆ వివరాలు ఎవరికి కనబడతాయి నాయనా?"

"ఎవరికీ కనబడవు పిన్నీ. నాకు తప్ప."

"ఇదివరకు ఎవరికైనా చేసిపెట్టావా?"

"వాగొడ్డు కుందేళ్ళకు. మూడు నెలలైంది. ఒక్క ఫిర్యాదు లేదు."

"విన్నావా," అన్నాడు రంగనాథం, కిరీటం మీంచి చూపు తిప్పకుండా. "రేపు నింపేద్దాం."

ఆ పరమాత్ముడు కోడికి కొమ్ములివ్వలేదు, కోరలివ్వలేదు. గోకి చూడందే ముక్కు పెట్టని గుణం మాత్రం ఇచ్చాడు. దూరపు కొండలు నునుపు కదా, దగ్గరికెళ్ళి చూద్దామనుకుంది చుక్కమ్మ. తెల్లారగానే పిల్లల్ని కాపలా కుక్క భైరవుడికి అప్పగించి వాగొడ్డుకు నడిచింది.

అక్కడ బొరియలన్నిటికీ సాలెగూళ్ళు. ఒడ్డున ముసలి తాబేలొకటి ఎండ కాగుతోంది.

"కుందేళ్ళెక్కడ తాతా? వాళ్ళ యాప్ ఎలా ఉందో అడుగుదామని వచ్చా."

"భేషుగ్గా పనిచేసిందమ్మా. ఎవరు ఏ బొరియలో ఉన్నారో ఇట్టే చూపించేది. నక్క ఎవర్నీ దారి అడక్కుండానే వచ్చేవాడు."

"మరి ఒక్క ఫిర్యాదూ లేదన్నాడే?"

"చెయ్యడానికి ఎవరు మిగిలారు తల్లీ?"

చుక్కమ్మ తిరిగొచ్చి చెప్పింది. కోళ్ళన్నీ పిల్లల్ని రెక్కల కిందికి లాక్కున్నాయి. రంగనాథం మాత్రం, "ఆ బొమ్మొక్కటి ఉంచుకోవచ్చా?" అన్నాడు.

చుక్కమ్మ యాప్‌లో ఒక్క ముక్క నింపింది. "తోటలో పిల్లలందరూ గడ్డివాము వెనక పెద్ద గంప కింద," అని.

మిట్టమధ్యాహ్నం జంబుకరావు ఫోన్ చూసుకుంటూ వచ్చాడు. "మీరు చేరుకున్నారు," అంది ఫోన్. గంప ఎత్తాడు.

"ఎవరు కావాలి రావుగారూ?" అన్నాడు లోపల భైరవుడు.

నక్క సగం తోకతో స్టూడియో దాటి, పుట్ట దాటి, ఊరే దాటిపోయాడు.

గద్ద బెడద మాత్రం తీరలేదు కదా. చుక్కమ్మ ఈసారి గేదె వీపు మీద కూర్చుని పనిచేసుకునే పసులపోలిగాడి దగ్గరికి వెళ్ళింది. చిన్న పిట్టే, గద్దను తరిమే గుండె. "పావురాలకు ఇలాంటి యాపే చేశానమ్మా. వెళ్ళి అడుగు, గంటసేపు నన్ను తిడతాయి," అన్నాడు.

నిజంగానే తిట్టాయి. చెవులు చిల్లులు పడేలా మోగుతుందన్నాయి, కునుకు పట్టనివ్వదన్నాయి. వాటి వెనకే గూళ్ళలో బొద్దు పిల్లలు అరుస్తున్నాయి. చుక్కమ్మ వాటిని లెక్కపెట్టుకుని, నవ్వుకుంటూ వెళ్ళి అతనికే పని అప్పగించింది. ఆమె పిల్లలు ఐదుగురూ పెరిగి పెద్దవాళ్ళయ్యారు.

పని చేసేవాడి మాట కాదు, పని చేయించుకున్నవాడి గడప చూడు.

ఇవాళ్టికి చుక్కమ్మ వాగొడ్డుకు నడిచిన ఆ నడక ఒక్కటి గుర్తుంచుకోండి నాయనలారా. ఇంటికెళ్ళి ఇంకొకరికి చెప్పండి, మీరూ ఒకసారి నడవండి.