రాజుగారింటి పురుడు

కుంభినీపురమని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్నేలే ప్రతాపకేసరి మహారాజుకు బిరుదులు బారెడు, చేసిన యుద్ధాలు మాత్రం శూన్యం. ఆయన మాట తప్పు అని ఎవరైనా అంటే, అన్నవాడికి ఆ పూటే ఊరు విడిచే యోగం పట్టేది. రాజుగారు తీపిమామిడి అన్న చెట్టును పులుపుమామిడి అన్నందుకు తోటమాలి ఒకడు పెళ్లాంబిడ్డలతో పొలిమేర దాటాడు. బిరుదులు వల్లించని పాపానికి ఒక చిలక పిల్లి పాలైంది.

అలాంటి కొలువులో నారప్ప విదూషకుడు. రాజుగారిని నవ్వించడం అతని కొలువు. కత్తి అంచున సాము చేయడం కంటే అదేమీ తేలికైన పని కాదు.

ఒకసారి ఓడ వర్తకులు ఒకే బోనులో కుక్కి తెచ్చిన తెల్ల కుందేళ్లలో ఒకటి రాజుగారి కంట పడింది. ఆయన దాన్ని చెవులు పట్టి పైకెత్తి, కళ్లలోకి చూసి, "ఆహా, మగసిరి ఉట్టిపడుతోంది! ఇది కుందేలు కాదు, సింహం!" అన్నారు.

"ముమ్మాటికీ మగసింహమే ప్రభూ!" అని ఆస్థాన జ్యోతిష్కుడు శంభుశాస్త్రి తాళం వేశాడు.

రాజుగారికి పిల్లలు లేరు. ముచ్చటపడి ఆ కుందేలుకు ధవళసింహుడని పేరు పెట్టారు. నిండుకొలువులో తన గోత్రమిచ్చి దత్తత చేసుకున్నారు. దాని నెత్తిన అక్షింతలు చల్లి, "పుత్రపౌత్రాభివృద్ధిరస్తు" అని దీవించారు. ఎదురుపడిన ప్రతివాడికీ ఆయనిచ్చే దీవెన అదొక్కటే. రానున్న విజయదశమికి దాన్ని ఏనుగెక్కించి, భేరీలు మోగిస్తూ ఊరేగించి, సేనాపతి పట్టం కట్టాలని ముహూర్తం పెట్టారు. అందాకా సాకే బాధ్యత నారప్ప నెత్తిన పడింది.

"నవ్వించేవాడి ఇంట పెరిగితే హుషారుగా ఉంటుంది" అన్నారు రాజుగారు.

నారప్ప ఇంట్లో నవ్వు పోయి ఏడాదవుతోందని ఆ కొలువులో ఎవరికీ పట్టలేదు. నిరుడు అతని భార్య లచ్చాంబ నొప్పులు పడుతోందని కబురొచ్చినప్పుడు అతను కొలువులో కథ చెబుతున్నాడు. సెలవడిగితే, "కథ ముగించి వెళ్లు" అన్నారు రాజుగారు. ముగిస్తే ఇంకోటి చెప్పమన్నారు. చెప్పాడు. కొలువంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఇంటికి వెళ్లేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు.

అప్పటి నుంచి పలకరించే దిక్కులేని ఆ ఇంట్లో కుందేలు అడుగుపెట్టింది. మొదట దాన్ని చూస్తే అతనికి ఒళ్లు మండేది. కానీ అది నోరులేని జీవి, పైగా అల్లరిది. అతను తల వంచుకుని కూర్చుంటే వచ్చి కాలి బొటనవేలు నాకేది. చివరికి నారప్ప దానితోనే రెండు ముద్దలు తినడం మొదలుపెట్టాడు.

కొన్ని వారాలకు దాని పొట్ట గుండ్రంగా తేలింది. ఒళ్లో పెట్టుకుని నిమురుతుంటే, చర్మం కింద చిన్నచిన్న గుండ్లలాంటివి తగిలి, వాటిలో ఒకటి కదిలింది. నారప్ప చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. బోనులో వచ్చినప్పుడే కడుపుతో వచ్చిందన్నమాట! అతనికి సంతోషం కలగలేదు. గోడకు చేరబడ్డాడు.

ఆడదని చెబితే రాజుగారి మాట తప్పవుతుంది. తనకు దేశబహిష్కారం, అది సరే. కానీ తనను నవ్వులపాలు చేసిన కుందేలును ఆయన బతకనిస్తారా? వేటకుక్కలకు వేయిస్తారు. చెప్పకపోతే ఏనుగు మీద, ఆ భేరీల మోతకు గుండె ఆగి చస్తుంది. ఎటు చూసినా చావే. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఇంతలో రాజుగారు దత్తపుత్రుణ్ణి చూడవచ్చారు. పొట్ట చూసి మొహం చిట్లించారు.

"సింహానికి బొజ్జా? పండగ దాకా దీన్ని పస్తుంచు!"

నారప్ప తల ఊపాడు. ఆనాటి నుంచి ఉత్తరీయం కింద గరిక, ముల్లంగి ఆకులు దాచుకుని దొంగలా ఇల్లు చేరేవాడు. దారిలో శంభుశాస్త్రి ఆపి, "ఏమయ్యా, నీకూ బొజ్జ వస్తోందే!" అని వెక్కిరిస్తే, "పస్తులున్నవాణ్ణి చూసి చూసి నాకు ఆకలెక్కువైంది శాస్త్రిగారూ" అనేవాడు. నోరు చమత్కారమాడేది, లోపల ప్రాణం గిలగిల్లాడేది.

పండగ దగ్గరపడింది. కుందేలు తన రొమ్ము మీది బొచ్చు తానే పీక్కుని, నోట గడ్డి కరుచుకుని, మూలకు చేర్చసాగింది. ఏం చెయ్యాలో నారప్పకు పాలుపోలేదు. ఏడాదిగా ఆ వీధి తొక్కనివాడు, కాళ్లీడ్చుకుంటూ మంత్రసాని ఓబుళమ్మ ఇంటికి వెళ్లాడు. లచ్చాంబకు చివరి గుక్కెడు నీళ్లు పోసింది ఆవిడే.

"రా నాయనా" అంది ముసలమ్మ. "ఆనాడు కబురంపినా రాలేకపోయావు. ఇవాళ పిలవకుండానే వచ్చావే!"

నారప్ప గడపలోనే చతికిలబడ్డాడు. "అవ్వా, నా ఇంట మళ్లీ కాన్పు ఉంది" అని సంగతంతా చెప్పాడు.

"కుందేళ్ల సంగతి నాకేం తెలుసయ్యా! అయినా ఏ తల్లికైనా కావలసింది కాస్త చీకటి, కాస్త వెచ్చదనం. మొగాళ్ల గోల లేకపోతే మరీ మంచిది."

"భేరీలతో వచ్చి ఎత్తుకుపోతారవ్వా. నేనొక్కణ్ణి ఎలా ఆపను?"

ఓబుళమ్మ బోసినోటితో నవ్వింది. "నేను మాత్రం ఎవర్ని ఆపగలనయ్యా? కాన్పయిన ఇంటి గుమ్మానికి రెండు వేపమండలు కడతానంతే. పురుడని తెలిస్తే పూజకు పోయేవాడెవడూ ఆ గడప తొక్కడు. మైల అంటుతుందని ఎంతటి వాడైనా ఆమడ దూరం ఆగుతాడు."

నారప్ప ఆవిడ కాళ్లకు దండం పెట్టి లేచాడు. ఏదో ఆలోచన తట్టింది గానీ దాని మీద నమ్మకం మాత్రం కలగలేదు. లచ్చాంబ కాన్పప్పుడూ దేవుడికి మొక్కే కొలువుకు వెళ్లాడు మరి.

విజయదశమి తెల్లవారుతుండగా ధవళసింహుడు ఈనింది. బొచ్చు కింద గులాబిరంగు కూనలు ఒకదాన్నొకటి తోసుకుంటూ మెదులుతున్నాయి. కుందేలు బతికే ఉంది. నారప్ప దాని ముందు గిన్నెడు నీళ్లు పెట్టి, కిటికీకి దుప్పటి కట్టి, చప్పుడు కాకుండా తలుపు వేసి బయటికొచ్చాడు. గుమ్మానికి వేపమండలు కట్టాడు. గడపలో కుంపటి పెట్టి కాస్త సాంబ్రాణి వేశాడు.

భేరీలు వీధి మలుపు తిరిగాయి. వేపమండలు చూడగానే భేరీలు మోగించేవాళ్లు మోత ఆపేశారు. మావటి ఏనుగును నిలిపాడు. శంభుశాస్త్రి పట్టుపంచె ఎగ్గట్టి వెనక్కి గెంతాడు.

పల్లకీలోంచి రాజుగారు దిగారు. "ఏమిటిది? ఎవరింట్లో పురుడు?"

"తమ ఇంట్లోనే ప్రభూ" అన్నాడు నారప్ప చేతులు కట్టుకుని. "తమరు తాతగారయ్యారు!"

వీధంతా గుసగుసలు రేగాయి. రాజుగారి మీసాలు వణికాయి. "మగసింహం ఈనిందా? అంటే నా మాట తప్పంటావా?"

"ఎంతమాట ప్రభూ! తమ మాట తప్పనిది కనుకనే ఇలా జరిగింది. దత్తత నాడు ధవళసింహుడికి పుత్రపౌత్రాభివృద్ధి కలగాలని దీవించారు. ఆ దీవెన ఎంత బలమైనదంటే పెళ్లిదాకా ఆగలేదు, పెళ్లాం కోసమూ చూడలేదు. మగవాడికే కాన్పు చేయించింది. ఇంత మహిమగల వాక్కు ఏ రాజుకుంది చెప్పండి!"

శంభుశాస్త్రి ఉండబట్టలేక ముందుకొచ్చాడు. "వాడి మాటలు నమ్మకండి ప్రభూ! అది ఆడకుందేలు!"

నారప్ప మెల్లగా అతనివైపు తిరిగాడు. "చిత్తం. శాస్త్రిగారు చెబుతున్నారు ప్రభూ, మగదన్న తమ మాట తప్పట. పొలిమేర దారి ఎటో వారికి చూపించమంటారా?"

శాస్త్రి చటుక్కున చేతులు జోడించాడు. "అబ్బే... నా ఉద్దేశం... మగదే ప్రభూ! అంతా తమ దీవెన మహిమే!"

"అయితే ఒక్క ధర్మసందేహం శాస్త్రిగారూ. దత్తపుత్రుడికి సంతానం కలిగితే గోత్రమిచ్చిన తండ్రికి పురుడుంటుందా? ఉండదా?"

"ఉంటుంది" అన్నాడు శాస్త్రి నేల చూపులు చూస్తూ.

"పురుడులో ఉన్నవారు ఆయుధపూజ చేయవచ్చా? భేరీలతో ఊరేగవచ్చా?"

"కూడదు."

రాజుగారు వేపమండల వంక చూశారు. శాస్త్రి వంక చూశారు. కుందేలు మగదంటే తాను పురుడులో ఉన్నట్టు, ఆడదంటే తన మాట తప్పయినట్టు. ఆ కాసేపట్లో నారప్ప ఎన్నిసార్లు చచ్చి బతికాడో అతనికే తెలియదు.

ఉన్నట్టుండి రాజుగారి బొజ్జ కదిలింది. "తాతనయ్యానా!" అని ఫక్కున నవ్వారు. నవ్వి నవ్వి పల్లకీ పట్టుకుని నిలబడ్డారు. ఆయన నవ్వారు గనుక అందరూ నవ్వారు. "పురుడు వెళ్లేదాకా ఈ గుమ్మం దరిదాపుల్లో ఎవరూ చప్పుడు చేయకూడదు! తల్లినీ... కాదు కాదు, తండ్రినీ పిల్లల్నీ నారప్పే సాకుతాడు. నారప్పా, మమ్మల్ని ఇంతగా నవ్వించావు. ఏం కావాలో కోరుకో!"

నారప్ప మూసిన తలుపు వంక ఓసారి చూశాడు.

"కొలువులో ఉన్నవాడికి ఇంట్లో నొప్పులని కబురొస్తే, సెలవు అడగకుండానే లేచి వెళ్లేలా ఆజ్ఞ ఇప్పించండి ప్రభూ."

"ఇంతేనా! పిచ్చివాడా, ఇదీ ఒక కోరికేనా?" రాజుగారు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. "ఇచ్చాం పో! అయినా, అటువంటి పని మీద సెలవడిగితే నేనెప్పుడైనా కాదన్నానా?"

నారప్ప వంగి నమస్కరించాడు. "లేదు ప్రభూ. కథ ముగించి వెళ్లమన్నారు, అంతే."

అది కూడా చమత్కారమే అనుకుని రాజుగారు మరింత గట్టిగా నవ్వారు. భుజాన ఉన్న జరీ శాలువా తీసి, మైల అంటకుండా, దూరం నుంచే నారప్ప మీదికి విసిరారు.

ఊరేగింపు వచ్చిన దారినే చప్పుడు లేకుండా వెళ్లిపోయింది. నారప్ప లోపలికొచ్చి, ఆ శాలువాను కూనల గూటి చుట్టూ మెత్తగా దోపాడు. కుందేలు వచ్చి అతని కాలి బొటనవేలు నాకింది. ఏడాదిగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. చప్పుడైతే తల్లి బెదురుతుందని ఉత్తరీయం నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.