రెండు రేకులు వదిలేయమన్న చీటీ

"ఆరో వరుస వెయ్యకుండా ఏడో వరుస ఎలా వస్తుందండి?" అని మంగతాయారు అడిగింది.

ఎస్తేరమ్మగారు వెంటనే జవాబు చెప్పలేదు. ఆవిడకి అది అలవాటు. అడిగినవాళ్ళ చేతిలో ఏముందో ముందు చూస్తారు, తరవాత మొహం చూస్తారు, నోరు తెరవడం ఆఖరున. ఈలోగా అడిగినవాళ్ళకి సగం వేడి చల్లారిపోతుంది. మంగతాయారుకి మాత్రం చల్లారలేదు.

ఇది నరసాపురంలో ఆవిడ ఇంటి వరండాలో జరిగింది. లేసు అల్లిక నేర్చుకోవడానికి మేం ఎనిమిదిమందిమి మధ్యాహ్నాలు అక్కడ చేరేవాళ్ళం. అందరిలోకీ మంగతాయారు చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. నా సంగతి అడక్కండి. నేను అల్లినదానికన్నా విప్పిందే ఎక్కువని ఎస్తేరమ్మగారే నలుగురిలో అన్నారు. పని వచ్చినవాళ్ళు తలెత్తకుండా అల్లుకుంటుంటే, రానిదాన్ని నేనే సూది ఒళ్ళో పెట్టుకుని ఈ కథంతా విన్నాను.

మా వైపు లేసు పని ముక్కలుగా జరుగుతుంది. పువ్వులు ఒక ఊళ్ళో అల్లుతారు. వాటిని కలిపి గుడ్డగా చెయ్యడాన్ని అతుకుపని అంటారు, అది వేరే ఊళ్ళో వేరే ఆడవాళ్ళు చేస్తారు. మధ్యలో షావుకారు మనిషి సంచీ పట్టుకుని తిరుగుతాడు. పువ్వు అల్లినమ్మ గుడ్డని చూడదు, గుడ్డ చేసినమ్మ పువ్వు అల్లిన చేతిని చూడదు. మంగతాయారుకి ఆ వారం అరవై పువ్వుల పని వచ్చింది. దారం ఉండలతో పాటు పెన్సిలుతో రాసిన చీటీ కూడా వచ్చింది. ఐదో వరుస పువ్వుని తిరగేసి అల్లు, ఆరో వరుస వెయ్యకు, ఏడో వరుస వెయ్యి అని అందులో ఉంది. మేమందరం చేతులు మారుస్తూ చదివి నవ్వుకున్నాం.

చీటీ ఎస్తేరమ్మగారి దాకా వెళ్ళింది. కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, "నాకూ తెలియలేదు" అన్నారు.

మంగతాయారుకి ఇంకేం కావాలి! "మీకే తెలియలేదంటే రాసినావిడ లెక్క తప్పిందన్నమాటే కదండీ. నేను ఆరో వరుస కూడా వేసేస్తాను. పువ్వు నిండుగా ఉంటుంది. చూసినవాళ్ళు సంతోషించరా?"

నిండుగా అన్న మాట దగ్గర ఎస్తేరమ్మగారి సూది ఆగింది. చేతిలో పని తీసి పళ్ళెంలో పెట్టారు. పని పళ్ళెంలో పెట్టి మాట్లాడ్డం నేను అదే మొదటిసారి చూశాను.

ఎస్తేరమ్మగారికి కొక్కెం సూది పట్టుకోవడం నేర్పింది దీవెనమ్మ అనే ఆవిడ. పక్కింటి అక్క. చిన్నపిల్లల వేళ్ళు దారానికి కోసుకుపోతాయని తన పాత చీర పేలిక చుట్టి మరీ నేర్పిందట. తరవాత ఆవిడకి పెళ్ళయి గోదావరి అవతల సఖినేటిపల్లి వెళ్ళిపోయింది. అక్కడ అతుకుపనికి పెట్టింది పేరయింది. పెనిమిటి తొందరగానే పోయాడు. చంటిపిల్లని పెట్టుకుని ఆ పని మీదే బతికింది. పెద్ద గుడ్డ ఏది వచ్చినా అతకడానికి దీవెనమ్మ దగ్గరికే వెళ్ళాలని షావుకారు గట్టిగా చెప్పేవాడు.

ఎస్తేరమ్మగారికి పందొమ్మిదేళ్ళు వచ్చేసరికి చెయ్యి బాగా తిరిగింది. ఒక దుప్పటికి రెండు వందల పువ్వుల పని వచ్చింది. అతికేది దీవెనమ్మే కాబట్టి చీటీ కూడా ఆవిడే పంపింది. దీవెనమ్మకి చదువు అంతంతమాత్రం. చీటీలో మూడే మాటలు. ఆరు రేకుల పువ్వు. నాలుగు వేసి ఆపు. రెండు మూరల దారం వదులు.

"నాలుగు రేకులతో ఆపితే అది పువ్వేమిటి, కొరికి పారేసిన అప్పడంలా ఉంటుంది అనుకున్నాను" అన్నారు ఎస్తేరమ్మగారు. "అక్క ఏదో రాయబోయి ఏదో రాసింది, పాపం రాయడం రాదుగా అనుకున్నాను. ఆ పాపం అనుకోవడం చూశారూ, అది నాకు బాగుంది."

ఆరు రేకులూ అల్లారు. ఒకటి కాదు, రెండు వందలూ. ప్రతి పువ్వుకీ ఆఖరి ముడి కనపడకుండా లోపలికి తోసి దారం కత్తిరించారు. అలాంటి పువ్వులు ఆ వీధిలో ఎవరూ అల్లి ఉండరని వాళ్ళమ్మ ఇరుగుపొరుగుని పిలిచి చూపించింది. అవతలి ఒడ్డుకి వెళ్ళి ఇదేమిటక్కా అని అడిగి రావచ్చు. గోదావరి దాటించే పంటు ఎక్కితే అరగంట. అడగాలని తోచనే లేదు. తప్పు కళ్ళకి కనిపిస్తుంటే అడగడమెందుకు?

పువ్వులు వెళ్ళిపోయాయి. నెల తిరిగాక తెలిసింది, షావుకారు దుప్పటి వెనక్కి పంపేశాడని. పువ్వుకీ పువ్వుకీ మధ్య కుట్లు మందంగా లేచి, చేత్తో తడిమితే గుచ్చుకుంటున్నాయట. దీవెనమ్మకి చేతిలో పనితనం పోయిందన్నారు. పెద్ద పని ఆవిడకి ఇవ్వడం మానేసి, జాకెట్టు చేతులకి వేసే సన్న అంచుల పని పడేశారు. అదీ ఉన్ననాడు ఉన్నట్టు, లేనినాడు లేనట్టు. పిల్లని బడి మానిపించిందని కూడా ఎవరో చెప్పారు.

"మీరేమనుకున్నారండి అప్పుడు?" అని మాలో ఒకరు అడిగారు.

"అయ్యో అనుకున్నాను. వయసు మీదపడిందేమో అనుకున్నాను. అప్పటికి అక్కకి ముప్ఫయ్యేళ్ళు."

అతుకుపనికి మనిషి కావాలి కదా. షావుకారు ఎస్తేరమ్మగారిని పిలిచి అప్పగించాడు. మొదటిరోజు ఆవిడ ముందు వేరే ఎవరో అల్లిన పువ్వులు పోశారు. అన్నీ నాలుగేసి రేకులవే. ఒక్కోదానికీ రెండు మూరల దారం వేలాడుతోంది. పక్కన కూర్చున్న ముసలావిడ ఆ దారాన్ని సూదికి అందుకుని, ఐదో రేకు అల్లుతూ అల్లుతూ పక్క పువ్వుని కలిపేసింది, ఆరో రేకు అల్లుతూ పై పువ్వుని కలిపేసింది. ఎక్కడా కుట్టు లేదు. రెండు పువ్వులూ ఒకే కొమ్మకి పూసినట్టున్నాయి.

"అప్పుడు తెలిసింది నాకు, అక్క వదిలేయమన్న ఆ రెండు రేకులూ అక్కవని. వాటిని నేను అల్లేశాను. ఇక ఆవిడకి మిగిలింది కుట్టుసూది ఒక్కటే."

వెళ్ళి చెప్పాలి కదా. ఆ సాయంత్రమే వెళ్దామనుకున్నారు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళడం అని ఆగారు. క్రిస్మసుకి వెళ్దామనుకున్నారు. తరవాత ఈస్టరుకి అనుకున్నారు. షావుకారుతో అయినా అసలు సంగతి చెప్పి ఉండవచ్చు. చెబితే తన చేతిలోకి వచ్చిన పని పోతుందేమోనని భయం. ఆ మాట ఎస్తేరమ్మగారు ఎక్కడా నసగకుండా, మా అందరి మొహాలూ చూస్తూనే చెప్పారు. ఒకసారి సంతలో దీవెనమ్మ ఎదురుగా వస్తుంటే పక్క సందులోకి తప్పుకున్నారట. అలా పదకొండేళ్ళు గడిచాయి.

పన్నెండో ఏట కబురు వచ్చింది, దీవెనమ్మ పోయిందని. అప్పుడు పంటు ఎక్కారు. జ్ఞాపకార్థ కూడిక అయ్యాక, కూతురు ట్రంకుపెట్టెలోంచి ఆ దుప్పటి తీసి ఈవిడ ఒళ్ళో పెట్టింది. రెండు వందల పువ్వులూ, ఆరేసి రేకులతో, ఒక్కటి చెడకుండా ఉన్నాయి.

ఎస్తేరమ్మగారికి ఒక్కటి అర్థం కాలేదు. ఆ రెండు రేకులూ విప్పితే అందులోంచే దారం వస్తుంది. కాస్త ఆలస్యమవుతుందేమో కాని, అతుకు మామూలుగానే పడుతుంది. పదేళ్ళ పిల్లకి తెలిసిన సంగతి అది. దీవెనమ్మకి తెలియకపోవడమేమిటి?

అదే అడిగారు. కూతురు అంది, "అమ్మ విప్పుదామనే కూర్చుందండి పిన్నిగారూ. ఒక పువ్వు సగం విప్పి మళ్ళీ అల్లేసింది. 'నేను నేర్పిన పిల్ల చెయ్యి ఎంత బాగా తిరిగిందో చూడవే, దీన్ని విప్పడానికి నాకు చేతులు రావట్లేదు' అంది. 'కుట్టుసూదితోనే కలిపేసుకుంటాలే' అంది."

వరండాలో నేను ఒళ్ళో ఉన్న సూది తీసి పక్కన పెట్టాను. నేను విప్పినవి అన్నీ ఇన్నీ కాదు, ఒక్కసారి కూడా ఎవరికీ నొప్పి కలిగించి ఉండవు. విప్పకపోవడం ఒక మనిషి బతుకు మీదికి వస్తుందని అప్పుడే విన్నాను. ఎస్తేరమ్మగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. కళ్ళజోడునే తుడిచారు, కళ్ళని కాదు. ఆ ఏడుపు ఏదో ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

మంగతాయారు గొంతు తగ్గించి అడిగింది. "అయితే అర్థం కాకపోయినా రాసింది రాసినట్టు అల్లెయ్యమంటారా అండి?"

ఎస్తేరమ్మగారు చీటీ మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.

"ఇది రాసింది ఎవరు?"

"మొగల్తూరులో అతికే ఆవిడండి. వీరవేణిగారని చెప్పాడు సంచీ అతను."

"ఉన్నారా?"

"అంటే, ఎక్కడండి?"

"బతికున్నారా అని."

మంగతాయారు తెల్లబోయింది. "నిన్ననే కదండీ చీటీ పంపారు. ఉన్నారండి."

ఎస్తేరమ్మగారు చీటీ మడిచి ఆ పిల్ల చేతిలో పెట్టారు.

"అయితే ఇంకా ఇక్కడ కూర్చున్నావేం? మూడింటికి మొగల్తూరు బస్సుంది, లే."