రాహేలమ్మ పాడెకు నాలుగో భుజం

ఇది ఏనాటి మాటో మొదట చెప్పిన అవ్వకే తెలియదు, ఇక మనకేం తెలుస్తుంది? గాడిదలు నడిచిన జాడే దారిగా ఉన్న కాలమని మాత్రం అంటారు. ఆ దారి పక్కన ఒక పేట. ఊరికి దూరంగా విసిరేసినట్టుండే పేట. అందులో అందరూ యేసయ్యను నమ్ముకున్నవాళ్ళే. మట్టి గోడలు, తాటాకు కప్పు, అదే వాళ్ళ గుడి. పేట చివరి గుడిసెలో రాహేలమ్మ ఉండేది.

రాహేలమ్మకు మొగుడు పోయాడు. పిల్లల్లేరు. పొద్దున ఊళ్ళోవాళ్ళ జొన్నలు విసరాలి. మధ్యాహ్నం కట్టెలు కొట్టుకురావాలి. సాయంత్రం చెలమ నుంచి నీళ్ళు మోయాలి. వారమంతా ఇదే చాకిరీ. ఆదివారం గుడిలో చాప మీద కూర్చుంటేనే ఆమె నడుముకు విశ్రాంతి.

ఆ దారిన ఉప్పోళ్ళు వచ్చేవాళ్ళు. గాడిదల మీద ఉప్పు వేసుకుని సముద్రం దిక్కు నుంచి వచ్చే మనుషులు. వాళ్ళ ఉప్పు అందరికీ కావాలి. వాళ్ళు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. దొంగలన్నారు, రోగాలు మోసుకొస్తారన్నారు. ఊరు తరిమేది. పేటా తరిమేది.

ఒక ఎండాకాలం ఉప్పోళ్ళు రాహేలమ్మ గుడిసె ముందు ఆగారు. ముసలి మారెన్న, అతని ఇద్దరు కొడుకులు, పెద్దకోడలు ఎల్లి.

"అమ్మా, గుక్కెడు నీళ్ళు," అన్నాడు మారెన్న.

రాహేలమ్మ అప్పుడే కట్టెల మోపు దించింది. "కాళ్ళు లాగుతున్నాయి ప్రభువా," అనుకుంది. అనుకుంటూనే లేచింది. లేచి పొయ్యి రాజేసింది.

"ఎండలో ఎందుకు మాడతారు? లోపలికి రండి," అంది విసుగ్గా.

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లోపలికి రమ్మన్న మాట వాళ్ళెన్నడూ వినలేదు. అంబలి తాగుతూ ఎల్లి ఏడ్చింది.

సంగతి తెలిసి సంఘపెద్ద ఏసోబు వచ్చాడు. అతను రాహేలమ్మకు మరిది.

"వదినా, ఆళ్ళని ఇంట్లోకి రానిచ్చావంట. ఇంకోసారి రానిస్తే గుడి గడప తొక్కనివ్వం. సంఘం మాట ఇది."

"ఆకలితో వచ్చారు ఏసోబూ."

"పోనీ, వాక్యమన్నా చెప్పావా?"

"కడుపు కాలేవాళ్ళకి ఏం చెప్పను? ముందు తిననీ."

వానలు పడ్డాయి. ఉప్పు తడిసి, గాడిదలు తడిసి, ఉప్పోళ్ళు మళ్ళీ వచ్చారు. ఆమెకు గుడి చాప గుర్తొచ్చింది. కాసేపు తలుపు చెక్క పట్టుకుని నిలబడిపోయింది. "కాళ్ళు లాగుతున్నాయి ప్రభువా," అనుకుంది. అనుకుంటూనే పొయ్యి రాజేసింది.

ఆ ఆదివారం నుంచి ఆమెను గుడిలోకి రానివ్వలేదు. చూరు కింద నిలబడి పాటలు వినేది. నిలబడలేక గోడకు ఆనుకునేది. లోపల ఏసోబు ప్రార్థన చేస్తూ వదిన మొహం చూడలేక కళ్ళు మూసుకునేవాడు.

చలికాలం వచ్చేసరికి గత్తర వచ్చింది. వాంతులు, బేదులు, పొద్దున బాగున్నవాడు సాయంత్రానికి లేడు. ఉప్పోళ్ళలో ఎల్లికి తగిలింది. ఊరూరా రాళ్ళేసి తరిమితే, ఆమెను గాడిద మీద కట్టుకుని రాహేలమ్మ దగ్గరికి వచ్చారు.

"మాకింకెవరున్నారమ్మా," అన్నాడు మారెన్న.

"కాళ్ళు లాగుతున్నాయి ప్రభువా," అంది రాహేలమ్మ, ఈసారి పైకే. ఎల్లిని తన చాప మీద పడుకోబెట్టింది. గుడ్డలు ఉతికింది, గంజి పట్టింది, ఉప్పునీళ్ళు చుక్క చుక్కగా తాగించింది.

కాస్త తేరుకున్నాక ఎల్లి అడిగింది: "నీ దేవుడెవరమ్మా, నీ చేత ఇంత చాకిరీ చేయిస్తాడు?"

రాహేలమ్మ గంజి గిన్నె పక్కన పెట్టింది. "ఆయనా అలిసినోడేనే బిడ్డా. ఎండనపడి నడిచి నడిచి ఒక బావి కాడ కూలబడ్డాడు. పరాయి ఆడమనిషిని మంచినీళ్ళడిగాడు. ఆయన వాళ్ళు అంటరాదనుకునే మనిషి ఆమె. ఆయనకవేం పట్టలేదు."

ఎల్లి బతికింది. రాహేలమ్మకు తగిలింది. ఎల్లి ఆమె తలను ఒళ్ళో పెట్టుకుంది. "ఇంక లేవనే," అంది రాహేలమ్మ. అంతే, ఇంక లేవలేదు.

పేటలో తలుపులన్నీ మూసుకున్నాయి. గత్తర శవాన్ని ఎవరు ముట్టుకుంటారు? ఉప్పోళ్ళే గొయ్యి తవ్వారు. ఉప్పోళ్ళే పాడె కట్టారు. మారెన్న ఒక కొమ్ము, కొడుకులిద్దరూ చెరో కొమ్ము ఎత్తుకున్నారు. నాలుగో కొమ్ముకు మనిషి లేడు. నీరసంతో వణుకుతూ ఎల్లి పట్టుకోబోయింది, పట్టు జారింది. పాడె ఒరిగింది.

దూరంగా గుడి దగ్గర ఏసోబు నిలబడి చూస్తున్నాడు. ఒక అడుగు వేశాడు. ఆగాడు. మళ్ళీ వేశాడు. తర్వాత పరుగెత్తుకొచ్చి పాడె కింద భుజం పెట్టాడు.

"వదినా," అన్నాడు.

మారెన్న వెనక్కి తిరిగి చూసి, "మెల్లగా నడవయ్యా, అలిసిన మనిషి," అన్నాడు.

ఆ రోజు నుంచి ఆ పేటలో ఎవరు పోయినా, పాడెకు మూడు కొమ్ములే పేటవాళ్ళవి. నాలుగోది, రాహేలమ్మను మోసిన ఉప్పోళ్ళ గుర్తుగా, దారిన పోయే పరాయివాడిది. అతని కులం అడగరు, ఊరు అడగరు, దేవుణ్ణి అడగరు. ఎవరూ కనబడకపోతే పాడె దించి, దారి పక్కనే కూర్చుంటారు. ఎంత ఎండైనా, ఎవరో ఒకరు వచ్చేదాకా కూర్చునే ఉంటారు.