పోలయ్య గంట

అనగనగా అంటే రాజుల కాలం అనుకునేరు. అంత పాతది కాదు. అలాగని మీ తాతలు కళ్ళారా చూసిందీ కాదు. సైకిలు కనబడితే కుక్కలు పొలిమేర దాకా తరిమే రోజులు. ఆ రోజుల్లో, గడియారం మేడ ఉన్న ఒక ఊరికి పాలు పోసే పోలయ్య అని ఒకడు ఉండేవాడు.

పోలయ్యకి రెండు గేదెలు, ఒక పెళ్ళాం, ఒక సైకిలు. పెళ్ళాం పేరు అచ్చమ్మ. సైకిలుకి పేరు లేదు గాని మూడు అతుకులు మాత్రం ఉన్నాయి. తెల్లారకముందే క్యాన్లు చెరోపక్క వేలాడేసుకుని, పక్కపల్లె నుంచి మూడు కోసులు తొక్కుకుంటూ ఊళ్ళోకి వచ్చేవాడు. ప్రతి గుమ్మం ముందూ మూడుసార్లు గంట కొట్టేవాడు. ట్రింగ్, ట్రింగ్, ట్రింగ్. కాలు కింద పెట్టేవాడు. గిన్నె బయటికొచ్చేది.

గడియారం మేడ వెనక బజార్లో మంగతాయమ్మ అని ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. విస్తళ్ళు కుట్టుకుని బతికేది. మనిషి పిడికెడు, నోరు మాత్రం బజారంత. గంట మోగిందంటే లోపలినుంచి ఒకటే కేక. "ఉన్నాన్లేరా పోలయ్యా, ఇంకా ఉన్నాన్లే!" ఆ కేక వింటేగాని పోలయ్యకి తెల్లారినట్టు ఉండేది కాదు.

అలా ఉండగా ఒకనాడు సైకిలు కిర్రుమంది. పోలయ్య గుండె దడదడలాడింది. దిగి చూస్తే, మూడో అతుకు పక్కనే వెంట్రుకంత బీట.

కమ్మరి మౌనాచారి దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పేరులో ఉన్న మౌనం ఆయన నోట్లో ఏనాడూ లేదు.

"తుప్పు ఇనుం తినేసిందిరా పోలయ్యా. నాలుగో అతుకు పట్టదు. మోసినన్నాళ్ళు మొయ్యనీ. ఆ తర్వాత తూకానికి పడెయ్."

సైకిలు పోతే మూడు కోసులు నడవాలి. నడిస్తే ఎండెక్కి పాలు విరిగిపోతాయి. పాలు విరిగితే పోయించుకునే ఇళ్ళు పోతాయి, ఇళ్ళు పోతే గేదెలు పోతాయి. ఆ తర్వాత పోయేది తామిద్దరే. పోలయ్యకి అన్నం సయించలేదు.

సరిగ్గా అప్పుడే ఊళ్ళో టముకు వేశారు. గడియారం మేడ కట్టి పాతికేళ్ళయిందట. మేడ చుట్టూ ఉన్న నాలుగు బజార్లలో సైకిలు పందెమట. మూడు చుట్లు. మొదట వచ్చినవాడికి సరికొత్త సైకిలు!

"నేనూ తొక్కుతానే," అన్నాడు పోలయ్య.

అచ్చమ్మ పిడకలు కొడుతున్నదల్లా ఆగింది. "మీసాలు రాని కుర్రాళ్ళతో నువ్వా? పందెంలో ఈ సైకిలు విరిగితే?"

"గెలిస్తే కొత్తది వస్తదే."

"విరిగితే?"

"ముప్పయ్యేళ్ళుగా తొక్కుతున్నా. ఆ బజార్లు నా కాళ్ళకి తెలుసు."

"తెలుసయ్యా. విరిగితే?"

పోలయ్య లేచి సైకిలు గొలుసుకి నూనె రాయడం మొదలెట్టాడు.

పందెం రోజు పొద్దున్నే అచ్చమ్మ పాలబిందె నెత్తిన పెట్టుకుని, వీలైనన్ని ఇళ్ళకి పోద్దామని నడిచి బయల్దేరింది. పోలయ్య ఖాళీ సైకిలుతో గడియారం కింద నిలబడ్డాడు. చుట్టూ జనం. పక్కన కొత్త సైకిళ్ళు, నూనె రాసిన జుట్లు. పోలయ్య బీట మీద వేలు పెట్టి చూసుకున్నాడు. రాత్రికి రాత్రి పెరిగిందేమోనని మళ్ళీ చూసుకున్నాడు. పారిపోదామా అనిపించింది కూడా. ఎందుకు దాచాలి, ఎవరికైనా అనిపిస్తుంది.

తుపాకీ పేలింది. అందరూ దూసుకుపోయారు.

మొదటి చుట్టు. క్యాన్లు లేని సైకిలు పోలయ్యకి కొత్త. తాగినవాడిలా అటూ ఇటూ ఊగాడు. సైకిలు కిర్రుమంది. గుండె దడదడలాడింది. పైగా కాళ్ళకి పందెమని ఏం తెలుసు? మంగతాయమ్మ గుమ్మం రాగానే వేలు దానంతటదే గంట కొట్టింది. ట్రింగ్, ట్రింగ్, ట్రింగ్. కాలు దానంతటదే కింద పడింది.

"పోలయ్యా, పాలేవీ?" అని జనం పగలబడి నవ్వారు. పోలయ్య సిగ్గుతో చచ్చిపోయి మళ్ళీ ఎక్కాడు. లోపలినుంచి కేక రాలేదు. ముసల్ది పందెం చూడ్డానికి పోయుంటుందిలే అనుకున్నాడు.

రెండో చుట్టు. ఊగడం తగ్గింది. ఒక్కొక్కర్నీ దాటుకుంటూ వచ్చాడు. ఏ మలుపులో ఇసకుందో, ఏ తూము దగ్గర గుంట ఉందో కుర్రాళ్ళకి తెలీదు, పోలయ్యకి తెలుసు. సైకిలు కిర్రుమంది. గుండె దడదడలాడింది. గుమ్మం ముందు మళ్ళీ ట్రింగ్, ట్రింగ్, ట్రింగ్. ఈసారి కాలు దించలేదు, చెవి మాత్రం అటే పెట్టాడు. కేక లేదు. జనంలో వెతికాడు. మనిషీ లేదు.

మూడో చుట్టు. ఇక పోలయ్య ముందు ఎవరూ లేరు. వెనక్కి చూస్తే పాతిక బారల దూరంలో మిల్లువాళ్ళబ్బాయి. మంగతాయమ్మ గుమ్మం దాటితే ఒక్క మలుపు. మలుపు తిరిగితే గడియారం, గడియారం కింద కొత్త సైకిలు. జనం "పోలయ్యా, పోలయ్యా" అని అరుస్తున్నారు. అయినా పోలయ్యకి ఆ అరుపులు వినబడలేదు. రాని కేకే చెవుల్లో గింగురుమంటోంది.

ఈసారి వేలు దానంతటది కొట్టలేదు. పోలయ్యే కొట్టాడు. ట్రింగ్. ట్రింగ్. ట్రింగ్.

జవాబు లేదు.

కాలు కింద పెట్టాడు. మిల్లువాళ్ళబ్బాయి పక్కనుంచి రివ్వున పోయాడు. వాడి వెనక ఇంకొకడు, ఆ వెనక మరొకడు. తలుపు లోపల గడియ వేసుంది. పోలయ్య గోడ దూకాడు.

పెరట్లో నూతి పక్కన మంగతాయమ్మ పడి ఉంది. కాలు మడత పడింది, తల పగిలింది. పెదాలు కదులుతుంటే చెవి పెట్టి విన్నాడు.

"ఉన్నాన్లేరా," అంది. "రెండుసార్లు పలికాను. నీకు వినబడలేదు."

ఆ మాటకి పోలయ్య భోరున ఏడ్చాడు.

ఆవిణ్ణి సైకిలు వెనక కూచోబెట్టి, తలగుడ్డతో తన నడుముకి కట్టుకుని, ధర్మాసుపత్రికి దగ్గరి దారి కాబట్టి పందేనికి ఎదురు తొక్కాడు. "అడ్డం లేవరా!" అని జనం తిట్టారు. వెనకున్న మనిషిని చూసి నోళ్ళు మూసుకుని దారిచ్చారు. సైకిలు కిర్రు, కిర్రు, కిర్రుమంటూనే ఉంది. ఆసుపత్రి మెట్ల ముందుకు రాగానే టప్పున రెండు ముక్కలైంది.

ఆ రోజు పందెంలో మొదట వచ్చిందెవరని ఆ ఊళ్ళో అడిగి చూడండి. మిల్లువాళ్ళబ్బాయి అంటారు కొందరు, కాదంటారు కొందరు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

విరిగిన ముక్కలు మౌనాచారే తీసుకుపోయాడు. పట్టదన్న నాలుగో అతుకు తనే వేసి, పైన ఇనప పట్టీ బిగించాడు. ఆ పని చేస్తున్నంతసేపూ ఒక్క మాటా మాట్లాడలేదట. మంగతాయమ్మ మరో ఏడేళ్ళు కేకలు వేస్తూనే బతికింది. పోలయ్య మాత్రం ఆనాటినుంచి మారిపోయాడు. పాలు పోయించుకున్నా, పోయించుకోకపోయినా, ఒంటరిగా ఉన్నవాళ్ళ గుమ్మం కనబడితే ఆగేవాడు. గంట కొట్టేవాడు. జవాబు చెవిన పడేదాకా కదిలేవాడు కాదు. రెండుసార్లు పలికినా వినబడలేదన్న ఆ మాట చచ్చేదాకా అతన్ని వదల్లేదు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక పొద్దున ఊళ్ళో గంట మోగలేదు. గిన్నెలు గుమ్మాల్లోనే ఉండిపోయాయి. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సైకిళ్ళున్నవాళ్ళంతా మూడు కోసులు తొక్కుకుంటూ పోయి, పోలయ్య గుమ్మం ముందు ఆగి గంటలు కొట్టారు. ట్రింగ్, ట్రింగ్, ట్రింగ్.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. అచ్చమ్మ.

"ఆయన ఇక లేడు నాయనా," అంది. "నేనున్నాను."

మర్నాటినుంచి, ఎవరూ చెప్పకుండానే, రోజూ ఎవరో ఒకరు ఆ గుమ్మం ముందు గంట కొట్టి, ఆవిడ పలికాకే పనిలోకి పోయేవారు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఏటా పందెం పెడతారు. మూడో చుట్టులో, ఎంత ముందున్నవాడైనా సరే, గడియారం వెనక బజార్లో ఒకప్పటి మంగతాయమ్మ గుమ్మం ముందు కాలు దించాలి. మూడుసార్లు గంట కొట్టాలి. లోపల ఎవరున్నా "ఉన్నాన్లేరా" అనాలి. గెలుపూ ఓటమీ ఆ తర్వాతే.

ఈ కథ కంచికి పోయిందో లేదో నాకు తెలీదు. మీరు మాత్రం ఇంటికి పోతూ పోతూ, దారిలో ఒక గుమ్మం ముందు ఆగి పొండి.