నక్క పానకాలు బొరియ ఖాళీ చేయించిన వైనం

ఎర్రగట్టు వాలులో నక్క పానకాలుకి రెండు బొరియలున్నాయి. ఒకదాంట్లో తనుండేవాడు. రెండోది అద్దెకిచ్చి, ఆ అద్దె తింటూ వేటకి వెళ్లడమే మానేశాడు. గట్టు మీద ఎవరెదురైనా ముందు "నేను ఓనర్ని" అని చెప్పుకుని, ఆ తర్వాతే కుశలం అడిగేవాడు.

అద్దెకున్నది ముళ్లపంది తిరపతమ్మ. ఏడాది ఒప్పందం. పౌర్ణమి పౌర్ణమికి గంపెడు పళ్లు అద్దె. చేరిన రోజునే పానకాలు షరతులు చదివాడు.

"చుట్టాలు రాకూడదు. గుమ్మం ముందు బురద చెయ్యకూడదు. ముఖ్యంగా గోడలకి మేకులు కొట్టకూడదు."

"కొట్టను గానీ అన్నయ్యగారూ, నా ఒంటినిండా ఉన్నవి మేకులే కదా! ఇటు తిరిగితే ఇటు గోడ, అటు తిరిగితే అటు గోడ" అంది తిరపతమ్మ.

"అయితే తిరక్కు."

పాపం, ఆవిడ ఏడాది పొడుగునా తిన్నగా లోపలికెళ్లి, తిరగకుండా వెనక్కి నడుచుకుంటూ బయటికొచ్చేది.

మాఘ పౌర్ణమితో ఆ ఏడాది తీరిపోయింది. పానకాలు ఉండమనీ అనలేదు, ఖాళీ చెయ్యమనీ అనలేదు. ఆ తర్వాతి పౌర్ణమికి తిరపతమ్మ ఎప్పట్లాగే గంప తెచ్చిస్తే కూర్చున్నచోటే ఖాళీ చేసి, గంప అడుగు కూడా నాకి, "ఈసారి కాస్త పులుపు తగిలింది" అన్నాడు. అంతే.

అలా రోజులు గడిచి అమావాస్య వెళ్లిన ఐదోనాడు పొద్దున్నే అడవిపంది బుల్లెబ్బాయి వచ్చాడు.

"మా గుంత కూలిపోయిందండి పానకాలుగారూ. నేనూ, మా ఆవిడా, పదకొండుమంది పిల్లలూ. మీ రెండో బొరియ ఇస్తే పౌర్ణమికి రెండు గంపల దుంపలిస్తాను. ఇదిగో, అడ్వాన్సుగా ఒక గంప."

పానకాలు గంపలో మూతి పెట్టి, ఖాళీ అయ్యాకే తీశాడు. "ఇల్లు నీదే. మధ్యాహ్నానికి వచ్చెయ్" అని, అటునుంచటే తిరపతమ్మ గుమ్మం ముందుకెళ్లి కేకేశాడు.

"ఏమమ్మోయ్! నీ గడువు ఎప్పుడో తీరిపోయింది. మధ్యాహ్నంలోగా ఖాళీ చెయ్!"

సరిగ్గా రెండు రోజుల కిందటే తిరపతమ్మకి ఇద్దరు పిల్లలు పుట్టారు. వాళ్ల ముళ్లు ఇంకా గడ్డిపోచల్లా మెత్తగా ఉన్నాయి. ఆరుబయట పడుకోబెడితే ఏ గద్దో తన్నుకుపోతుంది.

"పసిగుడ్లతో ఎక్కడికి పోను అన్నయ్యగారూ? ముందుగా ఒక్క మాట చెప్పి ఉంటే వెతుక్కునేదాన్ని."

"ఓనర్ని. నా ఇష్టమొచ్చినప్పుడు చెప్తాను."

తిరపతమ్మకి వణుకొచ్చి ఒంటి మీది ముళ్లన్నీ గలగలలాడాయి. పానకాలు రెండడుగులు వెనక్కేశాడు. ఆవిడ మాత్రం పిల్లలిద్దర్నీ కడుపు కింద దాచుకుని, గట్టు దిగి రామకోటి దగ్గరికెళ్లింది. వెనకే పానకాలూ దిగాడు.

రామకోటి ముసలి ఎద్దు. నాగలి నుంచి రిటైరై గట్టు కింద మేస్తున్నాడు. చుట్టుపక్కల ఏ తగవొచ్చినా ఆయన దగ్గరికే. ఒకటే చిక్కు, ఏ మాటైనా నెమరేశాక గానీ జవాబివ్వడు. ఇద్దరి మాటా విని నెమరు మొదలుపెట్టాడు. ఎండ ఓ బారెడు ఎక్కింది.

"చూడు పానకాలూ," అన్నాడు చివరికి, "ఒప్పందం తీరాక కూడా నోరు మెదపకుండా అద్దె తిన్నావు. తిన్నావంటే ఉండమన్నట్టే. అక్కణ్ణుంచి పౌర్ణమి టు పౌర్ణమి లెక్క. నువ్వు పొమ్మన్నా, ఆవిడ పోతానన్నా, ఆ పౌర్ణమికి పక్షం రోజుల ముందు ఎదురుగా చెప్పాలి. అంటే అమావాస్యకల్లా చెప్పి ఉండాలి. చెప్పావా?"

పానకాలు రెప్ప కూడా వెయ్యలేదు. "చెప్పాను తాతా! సరిగ్గా అమావాస్య రోజే చెప్పాను."

"అయ్యో! చెప్పలేదు తాతా!" అంది తిరపతమ్మ.

"ఉండమ్మా" అన్నాడు రామకోటి. "గుమ్మం బయట నించుని చెప్పావా, ఆవిడ ఎదురుగానా?"

"ఎదురుగానే!"

"మరి ఆవిడ విందా? ఏ నిద్రలోనో ఉందేమో?"

"నిద్రా? భలేవాడివే తాతా! పిల్లలిద్దరికీ పాలిస్తూ కూర్చుంది. అందులో చిన్నవాడికి ఎక్కిళ్లు కూడా వచ్చాయి. వాడి వీపు నిమురుతూ 'సరేలెండి అన్నయ్యగారూ, పౌర్ణమికి పోతాను' అంది. కావాలంటే ఆ చిన్నవాణ్ణే అడుగు!"

రామకోటి నెమరు ఆపేశాడు. ఆయన నెమరు ఆపడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

"అమావాస్య వెళ్లి ఇవాళ్టికి ఐదు రోజులు. పిల్లలు పుట్టి ఎన్నాళ్లమ్మా?"

"రెండు రోజులు తాతా."

"అంటే... కడుపులో ఉండగానే ఎక్కిళ్లు..." అని పానకాలు గొణిగి, తోక కాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"నువ్వు చెప్పింది ఇవాళే" అన్నాడు రామకోటి. "పౌర్ణమికి పది రోజులే ఉంది, పక్షం లేదు. కాబట్టి ఈ పౌర్ణమి కాదు, పై పౌర్ణమి దాకా ఆవిణ్ణి కదిలించకూడదు."

తిరపతమ్మ కళ్లు తుడుచుకుంటుండగానే గుంపుగా గురగురమంటూ బుల్లెబ్బాయి దిగాడు. వెనక భార్య, ఆవిడ వెనక పదకొండు తోకలు.

"పానకాలుగారూ, ఇల్లెక్కడండీ? ఎండలో పిల్లలు మాడిపోతున్నారు."

"ఇప్పుడు కాదయ్యా... పై పౌర్ణమికి..."

"అయితే నా దుంపలు నాకిచ్చెయ్యండి."

పానకాలు తన పొట్టవైపు చూసుకున్నాడు.

"ఇల్లిస్తానని అడ్వాన్సు తిన్నవాడు ఇల్లివ్వాలి" అన్నాడు రామకోటి. ఈసారి నెమరు కూడా అక్కర్లేకపోయింది. "నీకింకో బొరియ ఉందిగా?"

"అది నేనుండేది తాతా!" అని పానకాలు అరిచేసరికే పిల్లపందులు పదకొండూ గట్టెక్కేశాయి. ఆయాసపడుతూ ఆయన వెళ్లేసరికి తన గుమ్మంలో బుల్లెబ్బాయి వెనకభాగం తప్ప ఇంకేమీ కనబడలేదు.

"సర్లే! పౌర్ణమికల్లా ఖాళీ చెయ్!"

బుల్లెబ్బాయి లోపల్నించి మర్యాదగా అడిగాడు. "పౌర్ణమికి ఎన్ని రోజులుందన్నారండీ?"

"...పది."

"పక్షం లేదు కదండీ మరి."

ఓనరుగారు ఆ ఎండాకాలం నలభై రోజులూ ఓ రేగుపొద కింద కాపరం చేశాడు. అది కూడా ఒక తొండని అడిగి చేరాడు. తిరపతమ్మ పిల్లల ముళ్లు ఈలోగా బాగా గట్టిపడ్డాయి. వాగు అవతల ఆవిడకి వెడల్పాటి బొరియ దొరికింది. పక్షం ముందే ఆ రేగుపొద దగ్గరికొచ్చి, "అన్నయ్యగారూ, వచ్చే పౌర్ణమికి వెళ్తున్నామండీ" అని ఎదురుగా చెప్పి, చెప్పిన రోజున బొరియ శుభ్రంగా ఊడ్చి మరీ వెళ్లింది.

నీతి: ఇల్లు ఒక్కడిదే కావచ్చు గానీ, అద్దె తిన్నాక గడువు ఇద్దరిదీ.